చివరగా పట్టుకున్న చెయ్యి



ఈ వారం నా పాపసంకీర్తనం ఒకటి మీ ముందు పెడుతున్నాను. గురువు పాపసంకీర్తనం వినేవాడే గాని చెప్పుకొనేవాడు కాడని మన విచారణల్లో కొందరు పెద్దలు అనుకుంటారు. మేమూ మోకరించి చెప్పుకుంటాం. కాని ఇది తెర చాటున చెప్పి ఊరుకోదగిన సంగతి కాదు. తప్పు జరిగింది నలభైమంది పిల్లల ఎదుట.

2024 సెప్టెంబరులో మా విచారణ పాఠశాలకు ఒక టెలిస్కోపు కొన్నాం. కొత్తది కొనే స్తోమత లేదు. విశాఖపట్నంలో ఒక ఆసామి వాడి పక్కన పెట్టినది ఉందని తెలిసి, తొమ్మిది వేలకు బేరమాడి, బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చాను. నాలుగున్నర అంగుళాల అద్దం, ముక్కాలి పీట, దానిమీద నల్లరంగు వేసిన బరువైన ఇనుప యంత్రం. ఇనుపదని అప్పుడు నేననుకున్నాను.

ఆ యంత్రం గురించి కొంచెం చెప్పాలి. టెలిస్కోపు అనగానే అందరి కన్ను గొట్టం మీదికే పోతుంది. పని సగం చేసేది దాన్ని మోసే స్టాండు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతోంది కనుక, వంద రెట్లు పెద్దదిగా చూపే కటకంలో చుక్క ఒకటి రెండు నిమిషాల్లోనే అంచు దాటి పోతుంది. పిల్లవాడు ఒక కన్ను మూసి రెండో కన్ను ఆనించేసరికి చూడవలసింది వెళ్ళిపోతుంది. అందుకని ఆ యంత్రానికి ఒక ఇరుసు పెడతారు. ఆ ఇరుసును ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టి నెమ్మదిగా తిప్పుతుంటే గొట్టం చుక్క వెంట నడుస్తుంది. ధ్రువనక్షత్రం ఎత్తు ఊరిని బట్టి మారుతుంది. లండనులో అది 51 డిగ్రీల పైన ఉంటే మన శ్రీకాకుళం, విజయనగరాల్లో సుమారు 18 డిగ్రీలే. కొబ్బరిచెట్లు అడ్డముంటే కనిపించనే కనిపించదు. ఇలాంటి స్టాండ్లు చాలావరకు ఉత్తరదేశాల ఎత్తును మనసులో పెట్టుకొని చేసినవి. మన దగ్గర ఇరుసును బాగా కిందికి వాల్చాలి. అప్పుడు గొట్టం బరువూ, దానికి సమతూకంగా కట్టిన గుండు బరువూ దాదాపు ఒక్క బోల్టు మీద పడతాయి. దానికి ఎదురుగా ఇంకో బోల్టు ఉంటుంది. ఇరుసు లేపాలన్నా దించాలన్నా ముందు ఒకదాన్ని వదులు చేసి, తరువాత రెండోదాన్ని బిగించాలి. రెండూ బిగిస్తే వాటిని పట్టుకున్న చెవులు చీలిపోతాయి.

ఇదంతా నాకు అప్పుడు తెలియదు.

నవంబరు నడుమ మబ్బులు తేలిపోయాక ఒక శుక్రవారం రాత్రి పిల్లల్ని పాఠశాల మైదానంలో కూర్చోబెట్టాను. ఎనిమిదో తరగతి చదివే ఒక పిల్లవాణ్ణి పిలిచి, బోల్టు తిప్పుతూ ఇరుసు లేపమన్నాను. చురుకైనవాడు, దివ్యపూజలో పీఠం దగ్గర సేవ చేసేవాడు. తండ్రి చెన్నైలో కట్టడం పనికి పోయాడు. తల్లి కూలికి పోతుంది. వాడు రెండు చుట్లు తిప్పాడు. ఫట్ మని చప్పుడు. బోల్టును పట్టుకునే చెవి ముక్కై నేల మీద పడింది. గొట్టం తల వాల్చేసింది.

నేను అరిచాను. ఏమన్నానో ఇక్కడ రాయను. వాడి చేతులు ఎలాంటివో, వాడి ఇల్లు ఎలాంటిదో కూడా అందులో వచ్చాయని మాత్రం చెబుతాను. వాడు ఏడవలేదు. ముక్క తీసి నా చేతిలో పెట్టి చీకట్లో వెళ్ళిపోయాడు.

ఆదివారం పూజకు రాలేదు. మరుసటి ఆదివారమూ రాలేదు. బడికి మాత్రం వచ్చి వెనక బల్ల మీద కూర్చొని పోయేవాడట. ఒక సాయంత్రం వాళ్ళమ్మ గురుగృహం గడప దగ్గర నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. కొంగు ముడి విప్పి మూడు వందలు తీసి, "మిగతాది నెలాకరుకి ఇచ్చేత్తాను ఫాదరుగారూ, గుంటణ్ణి ఒగ్గేయండి" అంది. డబ్బు వద్దన్నాను. అంతకు మించి ఏమీ అనలేకపోయాను. ఆమె ఆ నోట్లను గడప మీద పెట్టి, పైన చిన్న రాయి ఉంచి వెళ్ళింది.

మరునాడు ఆ ముక్కనూ, యంత్రాన్నీ గోనెసంచిలో వేసుకొని విజయనగరంలో ఒక లేతు షాపుకు పోయాను. టర్నరుకు అరవై దాటి ఉంటాయి. జూట్ మిల్లులో పనిచేసి బయటికి వచ్చాక సొంతంగా పెట్టుకున్న షాపు. వెల్డింగు పెట్టమన్నాను. ఆయన నవ్వి ఆకురాయితో ఒక మూల గీసి చూపించాడు. "ఇది ఇనుం కాదు బాబూ, జింకు పోత. సెగ తగిల్తే కారిపోద్ది."

తరువాత ముక్కను వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూశాడు. నన్నూ చూడమన్నాడు. విరిగిన చోట రెండు రంగులున్నాయి. అంచున సన్నటి మేర మాత్రం పంచదార పలుకుల్లా తళతళలాడుతోంది. మిగతాదంతా నల్లబడి ఉంది. ఆ నలుపు మీద ఎమ్‌సీల్ లాంటి ముద్ద ఆరి గట్టిపడింది. ఆ ముద్ద పైకి వచ్చిన చోట నల్లరంగు పూసి ఉంది.

"రెండొంతులు పాత ఇరుగుడు. ఎవరో అతికించి రంగేసి అమ్మేసినారు. ఆకరున పట్టుకున్నోడు మీ గుంటడేనేమో గాని, ఇరిచినోడు ఆడు కాదు."

నేను మాట్లాడలేదు. ఆయనే మళ్ళీ అడిగాడు. "మరి ఈ ఎదర బోల్టు ఇంత గట్టిగా ఎవులు బిగించినారు బాబూ?"

నేనే. ముందురోజు సాయంత్రం, గట్టిగా ఉంటే మంచిదని, బలం కొద్దీ బిగించింది నేనే. ఒక వైపు నేను బిగించి, రెండో వైపు తిప్పమని ఆ పిల్లవాణ్ణి పురమాయించాను.

గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివాను. కారణాల మీద అరిస్టాటిలు చెప్పిన నాలుగు రకాలూ పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. కారణం వేరు, సందర్భం వేరు అని మా ఆచార్యులు ఎన్నిసార్లు చెప్పారో! ముప్ఫై ఏళ్ళ తరువాత ఆ పాఠం లేతు మిషను పక్కన నూనె డబ్బా మీద కూర్చొని మళ్ళీ నేర్చుకున్నాను.

ప్రియులారా, మన ఇళ్ళల్లోనూ ఇదే జరగడం లేదా? అన్నదమ్ములు విడిపోతే చివరగా గడప తొక్కిన కోడలిది తప్పు. వ్యాపారం మునిగితే చివరగా లెక్కలు చూసిన గుమాస్తాది తప్పు. పగులు ఎన్నేళ్ళ కిందటిదో, దాన్ని ఎవరు పూడ్చి రంగు వేశారో ఎవరూ అడగరు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు క్రీస్తునాథుణ్ణి అడిగిన ప్రశ్న యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఉంది. పాపం వీడిదా, వీడి తల్లిదండ్రులదా అని. మనిషి ఎదుట నిలబడి ఉన్నాడు, వాళ్ళకు కావలసింది లెక్క. ప్రభువు ఆ లెక్కలోకి దిగలేదు. ఉమ్మితో మట్టి కలిపి ఆ కళ్ళకు పూశాడు. నేను శిష్యుల పక్షాన నిలబడ్డాను. పైగా లెక్క కూడా తప్పు వేశాను.

రంగు వేసి అమ్మిన ఆసామి మీద నాకు మొదట చాలా కోపం వచ్చింది. సున్నం కొట్టిన సమాధుల మాట కూడా నోటిదాకా వచ్చింది. కాని ఆయనా అలాగే కొన్నాడేమో, ఎవరికి తెలుసు? నా కోపానికి మళ్ళీ ఒక చివరి చెయ్యి దొరికిందని సంతోషపడుతున్నానేమో అనిపించి ఆ ఉత్తరం రాయడం మానుకున్నాను. 1846లో విశాఖ తీరానికి వచ్చిన మన తొలి మిషనరీలు పునీత ఫ్రాన్సిస్ సాల్స్ గారి పేరు పెట్టుకున్న సభవారు. ఆ పునీతుడు స్వతహాగా ముక్కోపి అనీ, సాధు స్వభావం ఆయనకు ఏళ్ళ తరబడి సాధనతో అబ్బిందనీ చెబుతారు. నాకింకా అబ్బలేదు.

టర్నరు ఏం చేశాడో చెప్పాలి, ఆ పని చూడటానికి ముచ్చటేసింది. విరిగిన చెవి మొదలును ఆకురాయితో చదును చేశాడు. ఇత్తడి దిమ్మ ఒకటి తీసుకొని కోసి, అరగదీసి, దానికి సరిగ్గా అమరేటట్టు చేశాడు. రెండు రంధ్రాలు వేసి చిన్న బోల్టులతో యంత్రానికి బిగించాడు. నడుమ పది మిల్లీమీటర్ల మర తిప్పాడు. ఉక్కు బోల్టు ఇత్తడి మరలో మెత్తగా తిరుగుతుందట, మన సముద్రపు గాలికి తుప్పు కూడా పట్టదట. బుడితి ఇత్తడి చెంబు తరాల తరబడి వాడే ఊళ్ళవాళ్ళం, ఆ మాట నమ్మడానికి ఎంతసేపు! రంగు వెయ్యమంటారా అని చివర అడిగాడు. వద్దన్నాను.

సంచి పట్టుకొని బస్సెక్కాను. మరుసటి రోజు ఆదివారం. కానుకను పీఠం ముందే విడిచి, ముందు వెళ్ళి సహోదరునితో సమాధానపడమని మత్తయి సువార్త ఐదో అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాట ఎన్ని ప్రసంగాల్లో చెప్పానో లెక్కలేదు. ఆ రాత్రి బండి మీద వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి కంగారుపడి మంచం వాల్చింది. మూడు వందలు ఆమె చేతికిచ్చాను. పిల్లవాడికి ముక్క చూపించి, నలుపు ఎక్కడో, తెలుపు ఎక్కడో, ఎదుటి బోల్టు ఎవరు బిగించారో చెప్పి, క్షమించమన్నాను. వాడు ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మరి అందరి ముందరా చెప్తారా ఫాదర్?" అన్నాడు.

న్యాయమైన మాట. అరిచింది అందరి ముందు కదా. సోమవారం ప్రార్థన సమావేశంలో చెప్పాను. మా ఉపాధ్యాయులొకరు తరువాత, ఇంత అవసరమా ఫాదర్, పిల్లలకు భయం పోతుంది అన్నారు. పోయిందేమో. నాకు తెలిసినంతవరకు నష్టమేమీ జరగలేదు.

మన తీరానికి టెలిస్కోపు కొత్త కాదని ఆ పిల్లలకు అప్పుడే చెప్పాను. విశాఖపట్నంలో గొడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతంలోనే సొంత వేధశాల పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటడం అక్కడినుంచి చూశారు. అదే రోజు కలకత్తా యేసుసభ గురువు లఫోఁగారు బెంగాలులో ఇటలీ శాస్త్రజ్ఞులతో కలిసి ఆ దృశ్యమే చూశారు.

వాటికను సంగతి కూడా చెప్పాను. ఆకాశమంతటికీ ఫోటోలతో పటం తయారుచెయ్యాలని 1887లో ప్యారిస్‌లో నిర్ణయించాక, ఆ పనిలో వాటికను వేధశాల ఒక భాగం తీసుకుంది. తరువాత మన హైదరాబాదు నిజామియా వేధశాల మరో భాగం తీసుకుంది. ఆ ఫోటోలకు టెలిస్కోపు నిమిషాల తరబడి చుక్కల వెంట వణకకుండా నడవాలి. లేకపోతే చుక్కలు గీతలై పోతాయి. అలా తీసిన వాటికను పలకల మీద 1910 నుండి 1921 వరకు నలుగురు మఠకన్యలు 4,81,215 నక్షత్రాల స్థానాలనూ కాంతినీ కొలిచారు. ఎమీలియా పోన్జోని, రెజీనా కొలంబో, కొంచెత్తా ఫినార్ది, లుయీజా పాంచేరి. దాదాపు వందేళ్ళు ఆ ఫోటోలో ఉన్న సిస్టర్లు ఎవరో లోకానికి తెలియదు. వారి పేర్లు 2016లోనే బయటికి వచ్చాయి. ఒక ఆడపిల్ల లేచి, వాళ్ళు తప్పు కొలిస్తే ఎవరు దిద్దేవారు అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

2024 క్రిస్మసుకు ముందు వారం మళ్ళీ మైదానంలో స్టాండు నిలబెట్టాం. గురుగ్రహం రోహిణి నక్షత్రం పక్కన తూర్పున బాగా పైకి లేచింది. బోల్టు తిప్పడానికి ఆ పిల్లవాణ్ణే పిలిచాను. వాడు రాగానే తిప్పలేదు. ముందు ఎదుటి బోల్టు మీద చెయ్యి వేసి, రెండు చుట్లు వదులు చేసి, నావైపు ఒకసారి చూసి, అప్పుడు ఇత్తడిలో ఉన్న బోల్టును తిప్పాడు. చప్పుడు లేదు. 1610 జనవరిలో గలీలియో చూసిన నాలుగు చంద్రుళ్ళు వరుసగా కనిపించాయి. ఆ వరుసను పిల్లలందరూ చూసేవరకు వాడు పక్కనే నిలబడి ఇరుసు తిప్పుతూ ఉన్నాడు. తను మాత్రం ఆఖరున చూశాడు.

తల్లుల్లో వాళ్ళమ్మ కూడా ఉంది. కటకానికి కన్ను ఆనించే ముందు ఆ నల్లటి యంత్రం మీద పచ్చగా మెరుస్తున్న ముక్కను వేలితో తాకి, "ఇదేనేట్రా?" అని అడిగింది కొడుకుని.

"అదే అమ్మా. ముందు రొండోది వదులు సెయ్యాల" అన్నాడు.