తాళం చెవి ఎవరి చేతిలో?

మొన్న కొత్త బైక్‌కు కొండగట్టులో పూజ చేయించి మా ఊరు బుగ్గారం వచ్చాం. పదిహేడేళ్ల మా తమ్ముడు తాళం చెవి అడిగాడు. "అంజన్న చూసుకుంటడు గదా అన్నా!" అన్నాడు. ఆ వయసులో నేనూ ఇదే మాట చెప్పి, లైసెన్స్ లేకుండా ధర్మపురి రోడ్డెక్కినవాణ్ణే. వెంటనే కాదనలేకపోయాను.

కఠోపనిషత్తు శరీరాన్ని రథం అంటుంది. ఇంద్రియాలు గుర్రాలు, మనసు పగ్గం, బుద్ధి సారథి. వెనక ఫ్రెండ్ "ఇంకా స్పీడ్" అన్నప్పుడు, జేబులో ఫోన్ మోగినప్పుడు సారథి మేలుకొని ఉండాలి. అంజన్న ఇచ్చిన బుద్ధిని వాడకపోతే అది భక్తి కాదు.

గేర్ బండికి 18 నిండాలి. 2019 చట్ట సవరణ ప్రకారం మైనర్ నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి ఓనర్‌కో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు.

"లైసెన్స్ తెచ్చుకో, తాళం నేనే ఇస్తా" అన్నాను. అలిగాడు. అయినా హెల్మెట్ పెట్టుకుని నా వెనకే కూర్చున్నాడు. జై శ్రీరామ్!