అడగనివారికి ఎంత ఇవ్వాలి?

ప్రోగ్రామ్‌లో విడిగా సాగే ప్రతి థ్రెడ్‌కూ సొంత స్టాక్ కావాలి. ఒక ఫంక్షన్ మరోదాన్ని పిలిచినప్పుడల్లా తిరిగి ఎక్కడికి రావాలో, చేతిలో ఉన్న విలువలేమిటో అందులోనే దాచుకుంటుంది. స్టాక్ ఎంత ఉండాలో ప్రోగ్రామర్ చెప్పకపోతే వ్యవస్థే ఒక అంకె వేసుకుంటుంది. ఈ డిఫాల్ట్ అంకె వెనక ఉన్నది పాత ధర్మసందేహమే: ఎదుటివాడి అవసరం తెలియనప్పుడు, అతని తరఫున ‘ఇంత చాలు’ అని దేన్నిబట్టి తేల్చాలి?

లెక్కగట్టి తేల్చే దారి లేదు. ఏ ప్రోగ్రామ్ ఆగుతుందో, ఏది ఆగదో అన్నిటికీ వర్తించేలా చెప్పగల పద్ధతి ఉండదని 1936లో అలన్ ట్యూరింగ్ నిరూపించాడు. తనను తానే పిలుచుకునే ఫంక్షన్ ఎంత లోతుకు దిగుతుందన్నదీ ఆ కోవలోదే. ఇక మిగిలేది వివేకం. అందుకే అంకెల్లో ఇంత తేడా: లినక్స్‌లో గ్లిబ్‌సీ లైబ్రరీ సాధారణంగా 8 మెగాబైట్లు ఇస్తుంది, విండోస్ 1 మెగాబైట్, ఆల్పైన్ లినక్స్ వాడే మజిల్ లైబ్రరీ 128 కిలోబైట్లు.

పతంజలి చెప్పిన యమాల్లో చివరిది అపరిగ్రహం, అంటే అవసరానికి మించి కూడబెట్టకపోవడం. ఆ కొలతతో చూస్తే 8 మెగాబైట్లు దుబారాగా తోస్తాయి. కానీ బంతిభోజనంలో విస్తరి పెద్దదైనంత మాత్రాన అన్నం ఖర్చు కాదు. తిన్న కొద్దీ వడ్డిస్తారు. స్టాక్ కూడా అంతే. ముందుగా కేటాయించేది చిరునామాల చోటు మాత్రమే, తాకిన పేజీకే అసలు మెమొరీ వచ్చి చేరుతుంది. చోటు ఇరుకైనప్పుడు మాత్రం విస్తరి కొలతే లెక్కకొస్తుంది. 32 బిట్ల లినక్స్‌లో ప్రోగ్రామ్‌కు దక్కే 3 గిగాబైట్లలో 8 మెగాబైట్ల స్టాకులు 384 దాటి పట్టవు. 64 బిట్లలో ఆ ఇబ్బంది తీరిపోయింది.

పొదుపుకూ ఖరీదుంది. ఒక ఫంక్షన్‌లో 200 కిలోబైట్ల అర్రే ఉందనుకుందాం. గ్లిబ్‌సీ మీద థ్రెడ్ హాయిగా నడుస్తుంది. అదే కోడ్‌ను ఒక్క అక్షరం మార్చకుండా ఆల్పైన్‌లో నడిపితే సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో కూలిపోతుంది. అపరిగ్రహం ఎవరికి వారు పెట్టుకునే నియమం. ఇతరుల విస్తరి మీద పెడితే అది పిసినారితనమవుతుంది. మజిల్ పక్షానా న్యాయం లేకపోలేదు. అది చిన్న పరికరాలనూ దృష్టిలో పెట్టుకున్న లైబ్రరీ. పైగా వెనక సరుకు లేకుండా ఇచ్చిన మాటలన్నీ ఒకేసారి చెల్లించాల్సి వస్తే, లినక్స్ ఏదో ఒక ప్రోగ్రామ్‌ను చంపి మెమొరీ తెచ్చుకోక తప్పదు. ఉదారత అప్పుడు అసత్యమవుతుంది.

గో భాష మారువడ్డన పద్ధతి పట్టింది. కనీసం 2 కిలోబైట్లతో మొదలుపెట్టి, చాలనప్పుడు రెట్టింపు చోటులోకి స్టాక్‌ను నకలు చేస్తుంది. సీ భాషలో ఇది కుదరదు, స్టాక్ కదిలితే దానిలోకి చూపే పాయింటర్లన్నీ తప్పుతాయి.

కాబట్టి ఏ అంకె వేసినా ఎప్పుడో ఒకప్పుడు చాలదు. అప్పుడు థ్రెడ్ నిశ్శబ్దంగా పక్క విస్తట్లో చేయి పెట్టకూడదు. అందుకే స్టాక్ అంచున తాకరాని గార్డ్ పేజీ ఉంచుతారు. డిఫాల్ట్ వేసినవారి అసలు బాధ్యత అంకె కన్నా ఈ అంచు దగ్గరే ఉంది. పెద్ద అంగతో ఆ అంచును దాటేయవచ్చని 2017లో బయటపడ్డాక, లినక్స్ తనంతట పెరిగే ప్రధాన స్టాక్ అంచున ఉండే ఖాళీని 1 మెగాబైట్‌కు పెంచింది.