చివరిసారి బాగుండగా చూసిందెవరు?

పక్షవాతం వచ్చిన మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్లగానే డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటుంది: ‘ఈయన మామూలుగా ఉండగా చివరిసారి ఎప్పుడు చూశారు?’ రాత్రి పదింటికి బాగానే పడుకున్న మనిషి తెల్లవారి ఐదింటికి చెయ్యి పడిపోయి లేస్తే లెక్క పదింటి నుంచే మొదలవుతుంది. రక్తనాళంలో అడ్డుపడ్డ గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అందుకే ఆ ప్రశ్నకు జవాబు మీద మిగతా జీవితమంతా ఆధారపడుతుంది. ఆ జవాబు చాలాసార్లు రోగి దగ్గర ఉండదు. అతణ్ణి చూసినవాళ్ల దగ్గర ఉంటుంది.

నన్ను నేను గమనించుకోవడమే తెలివికి మొదటి మెట్టని వింటూ పెరిగాను. ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఈ జబ్బు దగ్గర ఆ గమనింపు చాలదు. ముల్లు గుచ్చుకుంటే కాలు చెబుతుంది, పన్ను పుచ్చితే రాత్రంతా నిద్రపోనివ్వదు. మెదడు కణజాలానికి మాత్రం నొప్పి తెలిసే నరాలే లేవు. నెత్తురు చిట్లినప్పుడు భరించలేని తలనొప్పి రావచ్చు గానీ, గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతం చాలామందికి నొప్పి లేకుండానే వస్తుంది. పైగా, జరిగింది తెలుసుకోవాల్సిన అవయవమే దెబ్బతింటుంది. మెదడు కుడిభాగం దెబ్బతిన్న కొందరికి ఎడమ చెయ్యి పడిపోయిన సంగతే తెలియదు. ఎత్తమంటే ‘ఎత్తానుగా’ అంటారు. వాళ్లు అబద్ధమాడటం లేదు. ఫ్రెంచి నరాల వైద్యుడు జోసెఫ్ బాబిన్‌స్కీ 1914లోనే ఈ స్థితిని వివరించి దానికొక పేరు పెట్టాడు.

తెలిసినా చాలదనడానికి జిల్ బోల్ట్ టేలర్ కథ ఉంది. ఆమె హార్వర్డ్‌లో మెదడు నిర్మాణం మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త. 1996 డిసెంబరు 10 ఉదయం, 37 ఏళ్ల వయసులో, ఆమె మెదడు ఎడమభాగంలో రక్తనాళం చిట్లింది. ఏం జరుగుతోందో ఆమెకు అర్థమైంది. కానీ కాగితం మీది ఫోన్ నంబరు అంకెలు గుర్తుపట్టడానికే ఎంతోసేపు పట్టింది. ఎట్టకేలకు ఫోన్ కలిసినా నోటివెంట మాట రాలేదు. ఆ గొంతు విని, ఏదో ఆపద వచ్చిందని అవతలి సహోద్యోగి గ్రహించాడు. ఆమె పూర్తిగా కోలుకోవడానికి ఎనిమిదేళ్లు పట్టింది. మెదడు గురించి అంత చదువుకున్న మనిషికి కూడా ఆ పూట ఇంకొకరి చెవి కావలసి వచ్చింది. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచనలో పడేసే విషయం ఇదే.

అందుకే పక్షవాతం గుర్తులన్నీ పక్కనున్నవాళ్ల కోసమే తయారైనట్టు ఉంటాయి. నవ్వమనండి, మూతి ఒక పక్కకి లాగుతోందేమో చూడండి. రెండు చేతులూ ముందుకు చాపమనండి, ఒకటి కిందికి జారుతోందా? ఒక చిన్న వాక్యం చెప్పించండి, మాట ముద్దగా వస్తోందా, పొంతన లేకుండా ఉందా? ఉన్నట్టుండి చూపు తగ్గినా, నడక తూలినా అంతే. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి, గడియారం చూసి టైము గుర్తుపెట్టుకోవాలి. నోట్లో నీళ్లు కూడా పోయొద్దు, మింగడం రాక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆస్పిరిన్ కూడా వేయొద్దు. గడ్డ అడ్డుపడిందో నెత్తురు చిట్లిందో పైకి చూసి ఎవరూ చెప్పలేరు, సీటీ స్కానే చెప్పాలి. పావురం రక్తం పూస్తే కాలూ చెయ్యీ వస్తాయని ఇంకా తిప్పేవాళ్లున్నారు. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల మెదడు కణాలు చనిపోతాయని అంచనా. అలా తిరిగే ప్రతి మలుపులోనూ పోయేవి అవే.

ఒక్కోసారి మాట తడబడి, పది నిమిషాల్లో దానంతటదే సర్దుకుంటుంది. ‘తగ్గిపోయిందిగా, రేపు చూద్దాంలే’ అంటారు. నాకు ఆ మాటంటే భయం. అసలు దెబ్బ పడే ముప్పు ఆ తర్వాతి రెండు రోజుల్లోనే ఎక్కువ. 2007లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ అధ్యయనంలో, ఇలాంటివాళ్లకు ఆలస్యం లేకుండా వైద్యం మొదలుపెడితే మూడు నెలల్లో పక్షవాతం వచ్చే ముప్పు 80 శాతం తగ్గింది.

నొప్పి లేకపోవడం పక్షవాతం వచ్చిన ఆ గంటతోనే మొదలైంది కాదు. ఏళ్ల తరబడి రక్తనాళాలను పాడుచేసే బీపీకీ నొప్పి లేదు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ను 1944 మార్చిలో పరీక్షిస్తే బీపీ 186/108. 1945 ఏప్రిల్ 12న తలనొప్పి అంటూ కూలబడ్డాడు, అప్పుడు 300/190. ఆ రోజే పోయాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అంత పెద్ద దేశాన్ని నడిపినవాడికి బీపీని సరిగా తగ్గించే మాత్ర అప్పటికింకా లేదు. ఇవాళ ఆ మాత్ర మన పల్లె ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతుంది. అయినా ‘నాకేం, దుక్కలా ఉన్నాను’ అని చూపించుకోనివాళ్లు కొందరు, ‘నార్మల్‌కొచ్చిందిగా’ అని మానేసేవాళ్లు ఇంకొందరు. నార్మల్‌కొచ్చింది ఆ మాత్ర వల్లే. ఒంట్లో బాగున్నట్టనిపించడం వేరు, బాగుండటం వేరు. ఈ తేడా ఒప్పుకోవడం నా వయసులో నాకూ సులువుగా లేదు, అయినా నెలనెలా చెయ్యి చాపి ఆ పట్టీ కట్టించుకుంటున్నాను.

32 దేశాల్లో జరిగిన ఇంటర్‌స్ట్రోక్ అధ్యయనం పక్షవాతం ముప్పులో దాదాపు 90 శాతానికి మనం మార్చుకోగల పది కారణాలే మూలమని తేల్చింది, వాటిలో పెద్దది బీపీ. పొగ, మందు, షుగరు, కదలకుండా కూర్చోవడం అందరూ చెప్పేవే. ఉప్పు సంగతి మాత్రం మనవాళ్లకు గట్టిగా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు రోజుకు అయిదు గ్రాముల లోపు. పప్పులో, కూరలో, పక్కనున్న ఆవకాయలో, అప్పడాల్లో కలిపి చూస్తే అది ఎప్పుడో దాటిపోతుంది. గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు ఉంటే ముప్పు అయిదు రెట్లు. పెద్దవాళ్లు ఒకసారి నాడి చూపించుకుని, అవసరమైతే ఈసీజీ తీయించుకోవాలి.

నా దిగులంతా ఒంటరి ఇళ్ల గురించి. పిల్లలు డాలస్‌లోనో బెంగళూరులోనో ఉంటారు, ఊళ్లో తల్లి ఒక్కతే. ఆమెతో ఫోన్లో మాట్లాడే రెండు నిమిషాలు మాట స్పష్టంగా ఉందో లేదో వినడానికి కూడా పనికొస్తాయి. రోజూ ఒకే వేళకు చేస్తే, తీయనప్పుడు ఎవరికైనా అనుమానం వస్తుంది. పక్కింట్లో ఒక తాళంచెవి ఉండాలి. రాత్రిపూట కూడా సీటీ స్కాన్ తీసి, ఆ ఇంజెక్షన్ ఇచ్చే ఆస్పత్రి దగ్గర్లో ఏదో ముందే కనుక్కుని, దాని నంబరు, అమ్మ వాడే మందుల పేర్లు ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అంటించాలి. ఈ పని ఒక్క సాయంత్రంలో అయిపోతుంది.