తడిసిన గింజలు ఎక్కడున్నాయి?

సూర్యాపేట మార్కెట్ యార్డుకు వడ్లు తోలుకెళ్ళే పెన్‌పహాడ్ రైతుకు తేమ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. మద్దతు ధర రావాలంటే తేమ 17 శాతం మించకూడదు. రాశి పైన ఎంత ఎండి ఉన్నా లోపల చెయ్యి పెట్టి చూస్తారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) బజారులో చేసిందీ ఇదే. ధాన్యపు రాశిలోకి చెయ్యి పోనిస్తే ఆయన వేళ్ళకు తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పుకున్నాడు. అయితే జనానికి కనిపించేలా ఆ తడిసిన గింజల్ని పైనే ఎందుకు ఉంచలేదని ఆయన అడిగారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు.

గమనించండి, వాన పడటం ఆ వర్తకుని తప్పు కాదు.

నేడు మన యువకులు కొందరు స్టార్టప్‌లు ప్రారంభిస్తున్నారు. బాబాయి గల్ఫ్ నుంచి పంపిన సొమ్ము, అక్కయ్య నగలమ్మి ఇచ్చిన డబ్బు వాటిలో పెట్టుబడిగా చేరుతోంది. వారికి చూపవలసిన రాశి బ్యాలెన్స్ షీటు. అందులో ఒకవైపు సంస్థకున్నవి రాస్తారు: నగదు, సరుకు, యంత్రాలు, రావలసిన బాకీలు. రెండోవైపు అవి ఎవరి సొమ్ముతో వచ్చాయో రాస్తారు: అప్పులు, వాటాదారుల పెట్టుబడి. రెండు మొత్తాలూ సమానం కావాలి.

సమానమైతే అంతా నిజమేనా? హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు 2009 జనవరి 7న రాసిన లేఖలో, అంతకుముందు సెప్టెంబరు 30 నాటి బ్యాలెన్స్ షీటులో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవని ఒప్పుకున్నారు. ఆ పట్టీలోనూ రెండు వైపులా చక్కగా సరిపోయాయి! ఏళ్ళ తరబడి రాని లాభాన్ని వచ్చినట్లు రాశారు. రాని లాభం కాగితం మీద ఎక్కడో ఒకచోట ఆస్తిగా కనిపించక తప్పదు. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు ఆయనకు ఏడేళ్ళ జైలుశిక్ష విధించింది. అప్పీలు, బెయిలు తర్వాతి కథ.

చిన్న సంస్థలో తడి ఇంత పెద్దగా ఉండదు. మూతబడిన దుకాణం నుంచి రావలసిన బాకీని ఆస్తిగానే ఉంచడం, నోటిమాట మీద తెచ్చిన అప్పును రాయకపోవడం, ఖాతాదారు ఇచ్చిన అడ్వాన్సును ఆదాయంగా లెక్కించడం... ఇలాంటివే. కొత్త సంస్థకు మొదట్లో నష్టం రావడం సిగ్గుపడే విషయం కాదు. ముదారబా ఒప్పందంలో లాభాన్ని ముందే అనుకున్న వాటాల ప్రకారం పంచుకుంటారు. పనిచేసేవాని ద్రోహం, నిర్లక్ష్యం లేనంతవరకు నష్టం పెట్టుబడిదారునిదే. అందుకే లెక్క చూడటం అతని హక్కు. వడ్డీకి ఇచ్చినవాడు ఎలాగూ తన వడ్డీ అడుగుతాడు; భాగస్వామికి ఆ పట్టీ తప్ప వేరే కన్ను లేదు.

పెట్టుబడిదారులు కూడా నిర్దోషులు కారు. “లెక్కలు నాకెందుకు, నెలకింత ఇవ్వు చాలు” అనే పెద్దమనిషి కోరేది భాగస్వామ్యం పేరుతో వడ్డీనే. అతణ్ణి తృప్తిపరచడానికి కుర్రవాడు ఇంకొకరి పెట్టుబడిలోంచి తీసి ‘లాభం’ పంచుతాడు. వ్యవహారం చిన్నదైనా పెద్దదైనా రాసుకోవడానికి విసుగుపడవద్దని దివ్యఖుర్ఆన్ బఖరా సూరా 282వ ఆయతు బోధిస్తోంది. అలా రాసిన దాన్ని చదవడానికి మనకెందుకు విసుగు?

నిజానికి ఇది కొత్త విద్యేమీ కాదు. వ్యాపారం ఉన్న ఇంట్లో రమజాన్‌లో జకాత్ లెక్క కట్టేటప్పుడు నగదు ఎంత, సరుకు ఎంత, రాబట్టగల బాకీ ఏది, తీర్చవలసిన అప్పు ఎంత అని కూర్చుని రాస్తారు. అవే నాలుగు ప్రశ్నలు, వాటితోపాటు ఉన్న నగదు ఇంకా ఎన్ని నెలల ఖర్చుకు సరిపోతుందన్న ఐదో ప్రశ్న, సొమ్ము ఇవ్వకముందే అబ్బాయిని అడగండి.