ముల్లు కింది గొంతు

ఒక గొంతుని మనం ఏళ్ల తరబడి ప్రేమిస్తాం. వంట చేసుకుంటూ, బట్టలు ఆరేసుకుంటూ, బస్సు కిటికీ పక్కన కూర్చుని ఆ గొంతుని తలుచుకుంటాం. అలా ప్రేమించినందుకు ఆ గొంతు గల మనిషికి మనం ఏమైనా బాకీ పడతామా? డబ్బిచ్చి రికార్డు కొనుక్కోగానే లెక్క తీరిపోతుందా? చూడటానికి చిన్న ప్రశ్నే. కానీ స్త్రీల శ్రమ గురించీ, స్త్రీల పేర్ల గురించీ ఇన్నేళ్లుగా మనం వేసుకుంటున్న ప్రశ్నలన్నీ ఇందులోకి వచ్చి చేరతాయి.

పాత రికార్డులు సేకరించేవాళ్లు ఇద్దరు కలిస్తే వాళ్ల మాటలు వినడం నాకు ఇష్టం. ఏ పాటని ఏ కంపెనీ వేసింది, లేబులు ఎరుపా నలుపా, రెండో వైపు ఏ పాట ఉంది, ముల్లు ఎక్కడ జారుతుంది, అన్నీ నోటికి వచ్చు. పాత సామాన్లవాడి బండి ఎక్కవలసిన వాటిని వీళ్లు ఏరి దాచకపోతే మన పాటల చరిత్రలో చాలా భాగం మనకి వినపడేదే కాదు. వాళ్ల ప్రేమని నేను శంకించను. నన్ను ఆపేది వాళ్లు వాడే భాష. మంచి రికార్డు అంటే 'మింట్ కండిషన్'లో ఉన్నది. గీత పడనిది. చేతులు మారనిది. కవరు కూడా విప్పనిదైతే ఇంకా గొప్ప. ఈ మాటలు మనకి కొత్తవా? పెళ్లిచూపుల దగ్గర విన్నవే కదా.

ఇందులో వస్తువు స్వభావం కూడా ఉంది. నిమిషానికి 78 సార్లు తిరిగే పాత ప్లేటు లక్క కలిపి చేసింది. ఉక్కు ముల్లు గాడిలో నడుస్తూ గాడిని అరగదీస్తుంది, తనూ అరుగుతుంది. అందుకే మాటిమాటికీ ముల్లు మార్చాలి. తర్వాత వచ్చిన వినైల్ ఎల్పీల మీద ముల్లు బరువు తగ్గింది, అరుగుదల తగ్గింది, అంతే. అంటే వినడమంటే కొంచెం కొంచెంగా అరగదీయడమే. కాబట్టి ఎవరూ వినని రికార్డుకే ధర ఎక్కువ. పాట పుట్టింది వినడానికి, దాని వెల మాత్రం వినకపోవడంలో ఉంది! బాగా అరిగిన ఎల్పీని ఒకదాన్ని వెలుగులో పెట్టి చూడండి. ఒక్క పాట దగ్గర గాళ్లు బూడిదరంగుకి తిరిగి ఉంటాయి. ఎవరో ఆ పాటనే మళ్లీ మళ్లీ పెట్టుకున్నారు. సేకరించేవాళ్ల లెక్కలో అది లోపం. నాకది ఒక శ్రోత చేసిన సంతకంలా కనిపిస్తుంది.

ఆ శ్రోత స్త్రీ అయి ఉండే అవకాశం ఎంత? గ్రామఫోను పెట్టె ఉన్న ఇళ్లలో అది ఎక్కువగా ముందు గదిలో ఉండేది. కీ తిప్పే చెయ్యి, ముల్లు పెట్టే చెయ్యి మగవాళ్లవి. ఆడవాళ్లకి పాట గోడ అవతల నుంచి వచ్చేది. పొయ్యి మీద పాలు పొంగితే ఒక చరణం పోయేది. మళ్లీ మొదటినుంచి పెట్టమని అడిగే వీలుండేది కాదు.

ఇంట్లో పెట్టె లేనివాళ్లకి మైకు సెట్టు ఉండేది. పెళ్లికీ, తిరునాళ్లకీ అద్దెకి తెచ్చి, చెట్టుకి గొట్టం కట్టి రికార్డులు వేసేవాళ్లు. ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడూ వేసేవాళ్లు. లోపల పిల్ల ఓ మూల చాప మీద కూర్చుని ఉంటుంది, ఎవరినీ ముట్టుకోకూడదు. బయట ఒక స్త్రీ గొంతు ఆ పిల్ల ఒంటి సంగతిని ఊరంతటికీ చాటుతూ ఉంటుంది. చాటమని ఆ పిల్ల అడగలేదు. తన గొంతు ఇందుకు వాడుతున్నారని పాడినావిడకీ తెలియదు. ఒక స్త్రీ గొంతుని తీసుకెళ్లి ఇంకొక స్త్రీ మీద ప్రయోగించడం కాదా ఇది? అయినా మా తరంలో కొంతమందిమి ఒక పాటని మొదటినుంచి చివరిదాకా విన్నది ఆ మూల కూర్చునే. పని చెప్పేవాళ్లు లేని రోజులు అవే మరి.

గొంతుకీ, ఒంటికీ, పేరుకీ మధ్య ఎన్ని రకాల ఒప్పందాలు ఉండొచ్చో తెలుసుకోవడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. తెనాలి నుంచి ఒక రైలు దారి బాపట్లకి పోతుంది, ఇంకొకటి రేపల్లెకి పోతుంది. ఆ రెండు దారుల మీదే మనకి కావలసిన ఉదాహరణలన్నీ ఉన్నాయి.

స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో పుట్టారు. తెనాలి రామవిలాస సభ నాటకాల్లో ఆడవేషాలు కట్టి ఆంధ్రదేశమంతా పేరు తెచ్చుకున్నారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. తులాభారం నాటకంలో తన సత్యభామ కోసం ఆయన తనే ఒక పాట రాసుకుని పాడారు. మగవాడు ఆడవేషం కట్టవలసిన అవసరం ఎందుకొచ్చింది? సురభి కుటుంబాల స్త్రీలు అప్పటికే వేషాలు కడుతున్నా, రంగస్థలం ఎక్కిన స్త్రీకి పరువు లేదని సమాజం తీర్మానించింది కాబట్టి. స్త్రీని వేదిక మీదికి రానివ్వకుండా, స్త్రీ ఎలా అలగాలో, ఎలా ఆజ్ఞాపించాలో మగ గొంతుతో చూపించారు. కానీ కథ అక్కడితో ఆగలేదు. 1966లో వచ్చిన 'శ్రీకృష్ణ తులాభారం' సినిమాలో అదే పాట సుశీల గొంతుతో, తెనాలి పక్కన దుగ్గిరాలలో పెరిగిన జమున ముఖంతో వచ్చింది. కథ చివర సత్యభామ గర్వం అణగవలసిందే. అయినా ఆ పాట సాగినంతసేపూ పైచేయి ఆమెదే. మగవాడు తన కోసం రాసుకున్న ఆ అతిశయాన్ని ఆడవాళ్లు తమ నోటికి తెచ్చుకుని కూనిరాగాలు తీశారు. ఆ పాట ఎవరిదంటే నేను ముగ్గురి పేర్లూ చెబుతాను. అందులో ఒక్కటి తీసేసినా అబద్ధమవుతుంది.

తెనాలి కాంచనమాలది వేరే ఒప్పందం. 'గృహలక్ష్మి' 1938లో, 'మళ్లీ పెళ్లి' 1939లో, 'బాలనాగమ్మ' 1942లో వచ్చాయి. తెరమీద కనిపించే మనిషే పాడుకోవలసిన కాలం అది. ఆమె ముఖమూ ఆమెదే, గొంతూ ఆమెదే. 1943లో 'భాగ్యలక్ష్మి' సినిమాలో నటి కమలా కోట్నీస్‌కి రావు బాలసరస్వతి పాడారు. తెలుగులో నేపథ్యగానం అక్కడే మొదలైందని చెబుతారు. 'బాలనాగమ్మ' తర్వాత కాంచనమాల దాదాపుగా తెరకి దూరమయ్యారు. రెండింటికీ కార్యకారణ సంబంధం అంటగట్టను. కానీ ఒక స్త్రీలో ముఖమూ గొంతూ కలిసి ఉన్న కాలం ముగుస్తున్నప్పుడే ఆమె కూడా వెళ్లిపోవడం మనసుకి తడుతుంది.

'నేపథ్యం' అంటే తెర వెనక చోటు, వేషాలు వేసుకునే గది. నేపథ్యగాయని అంటే తెర వెనక ఉండి పాడే స్త్రీ అని మన భాషే ఒప్పేసుకుంది. రేపల్లె తాలూకా పల్లపట్లలో 1938లో పుట్టిన ఎస్.జానకి జీవితకాలమంతా అక్కడ నిలబడే పాడారు. చంటిపిల్ల గొంతుతో పాడారు, ముసలమ్మ గొంతుతో పాడారు, ఎందరో నాయికల కోరికని తన ఊపిరితో పలికించారు. 1962లో వచ్చిన తమిళ చిత్రం 'కొంజుం సలంగై'లో, దాని తెలుగు రూపం 'మురిపించే మువ్వలు'లో నాదస్వరంతో పోటీపడే పాట ఆమెదే. తెరమీద ఆ పాట పాడుతూ కనిపించేది సావిత్రి. సావిత్రిదీ గుంటూరు జిల్లాయే, చిర్రావూరు. ఒకే జిల్లా నుంచి వెళ్లిన ఇద్దరు స్త్రీలు, ఒకరి ముఖం, ఒకరి ఊపిరి. చూసేవాళ్లకి కనిపించేది ఒక్కరే. రికార్డు వేసుకుంటే మాత్రం రెండోవారు మిగులుతారు. రికార్డు చేసే న్యాయం అదొకటి ఉంది. ఇంకొకటి కూడా ఉంది. తెరమీద నాయికకి ఒక గొంతు, క్లబ్బు డాన్సుకి ఇంకొక గొంతు అని విభజించి, ఎల్.ఆర్.ఈశ్వరి లాంటి వాళ్లని ఎక్కువగా రెండో వైపుకి నెట్టారు. లేబులు మీద ఆ తేడా లేదు. అక్కడ ఇద్దరివీ ఒకే సైజు అక్షరాలు.

ఆ అక్షరాలు కూడా ఊరికే రాలేదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోనుకి పాడినప్పుడు పాట చివర తన పేరు తనే ఇంగ్లీషులో చెప్పుకుంది. ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలో, లేబులు వేసేవాళ్లకి ఎవరు పాడారో తెలియాలి కదా. తొలి రోజుల్లో ఆ గొట్టం ముందు నిలబడినవాళ్లలో చాలామంది ఆమెలాంటి వృత్తి గాయనులే, 'సంసారులు' గడప దాటి రాని కాలం. పరువు లేదన్న స్త్రీ తన పేరు గట్టిగా చెప్పుకుంది. 47 ఏళ్ల తర్వాత, 1949లో, 'మహల్' సినిమా పాట రికార్డు మీద గాయని పేరుకి బదులు 'కామిని' అని వేశారు. అది కథలో పాత్ర పేరు. పాడింది లతా మంగేష్కర్. లేని స్త్రీకి పేరుంది, ఉన్న స్త్రీకి లేదు. రికార్డు మీద కుక్క బొమ్మ కింద 'హిజ్ మాస్టర్స్ వాయిస్' అని ఉంటుంది. యజమాని గొంతు! ఎందరో స్త్రీల గొంతులు ఆ ముద్ర కిందే అమ్ముడుపోయాయి.

పేరు కొట్టేయడం సంగీతంలోనే మొదలైందా? ముద్దుపళని 'రాధికా సాంత్వనం' 1887లో అచ్చయినప్పుడు ఆమె తన గురించీ తన వంశం గురించీ చెప్పుకున్న భాగాన్ని తీసేశారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని తిరిగి చేర్చి అచ్చు వేయించారు. ఒక గాయని ఒక కవయిత్రికి చేసిన ఆ పని, రికార్డుకి ఊడిపోయిన లేబులుని తిరిగి అంటించడమే.

చట్టం ఇంకా నెమ్మదిగా నడిచింది. జానకి సినిమాల్లో పాడటం మొదలుపెట్టింది 1957లో. మన కాపీరైటు చట్టం వచ్చిందీ 1957లోనే. అందులో గాయకులకి చోటు లేదు. 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు అనేది వచ్చింది. 2012 సవరణతో గాని రాయల్టీ, పాడింది తనేనని చెప్పుకునే హక్కు అందులోకి చేరలేదు. అప్పటికి ఆమె పాడవలసినవి దాదాపు పాడేశారు. మూడు భాషల పాటలకి నాలుగు జాతీయ పురస్కారాలు వచ్చాయి, అందులో తెలుగుది 1984 నాటి 'సితార'. 2013లో పద్మభూషణ్ ప్రకటిస్తే ఆలస్యంగా వచ్చిందని ఆమె కాదన్నారు. దాన్ని అహం అన్నవాళ్లున్నారు. జీవితకాలపు బాకీని ఒక పతకంతో తీర్చుకోవచ్చనుకునేవాళ్లకి రసీదు ఇవ్వనని చెప్పడమే అదని నేననుకుంటాను.

దీనికి ఒక గట్టి ఎదురువాదన ఉంది, దాన్ని దాటేయకూడదు. గొంతు ఒంటి నుంచి విడిపోవడం స్త్రీకి స్వేచ్ఛ కూడా ఇచ్చింది కదా? చీర కొంగు నిండుగా కప్పుకుని, కాగితం చూస్తూ, కదలకుండా నిలబడి పాడిన స్త్రీ, నలుగురిలో నోరెత్తి అనలేని కోరికనంతా పాటలో అనగలిగింది. ఆ గొంతు వెనక ముఖం లేదు కాబట్టే గోడ అవతల విన్న స్త్రీ అక్కడ తన ముఖాన్ని పెట్టుకుంది. పేరూ ఊరూ వెంటబెడితే ఆ ఖాళీ పోదా? ఈ వాదనలో నిజముంది. కానీ అజ్ఞాతంగా ఉండటం ఆమె ఎంచుకున్నదైతే అది స్వేచ్ఛ. లేబులు వేసేవాడు ఎంచితే అది చెరిపివేత. కలం పేరుతో రాసుకున్న స్త్రీకీ, రాసిందాని మీద మొగుడి పేరు అచ్చయిన స్త్రీకీ తేడా మనకి తెలియనిదా? పేరు తెలిసినంత మాత్రాన ఊహ చచ్చిపోదు. జానకి పేరు తెలిశాక ఆ పాటల్లో నా చోటు నాకేమీ తగ్గలేదు.

ఈ ప్రశ్న ఇప్పుడు ఇంకా ముదిరింది. 2023 నాటి 'కీడా కోలా' సినిమాలో ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం గొంతుని యంత్రంతో పుట్టించి వాడారని ఆయన కుటుంబం లీగల్ నోటీసు పంపిన సంగతి 2024లో వార్తల్లోకి వచ్చింది. ఇక పాడే మనిషి లేకుండానే గొంతు దొరుకుతుంది. అరగని గొంతు, అలసట లేని గొంతు, కూలి అడగని గొంతు. 'మింట్ కండిషన్' కోరిక అక్కడిదాకా పోతుందని మనం ఊహించి ఉండవలసింది.

కాబట్టి బాకీ పడతామనే నా జవాబు. కొన్నది ప్లేటుని, గొంతుని కాదు. ఆ బాకీ పూజలతో తీరదు. ఆమె పేరుని పాటతోపాటు చెప్పడం, ఆమె శ్రమకి రావలసినది వచ్చిందా అని అడగడం, విన్నవాళ్లని కూడా చరిత్రలోకి తీసుకోవడం, ఇవి మన చేతిలో ఉన్న పనులు. స్త్రీల చరిత్ర రాస్తున్న మనం అమ్మల్నీ అత్తల్నీ పెళ్లి గురించీ పని గురించీ అడిగాం. ఏ పాట ఎక్కడ నిలబడి విన్నారో, ఎవరు ఆపేశారో కూడా అడిగి రాసుకోవాలి. రికార్డులు దాచుకునేవాళ్లకి నా మనవి ఒక్కటే. అరిగిందని పక్కన పడేసిన ప్లేటుని మీ జాబితాలోకి తిరిగి చేర్చండి. పాడినావిడ పేరు పక్కన, తెలిస్తే ఆ ప్లేటుని ఏ ఇంట్లో ఎవరు విన్నారో రాయండి. తెలియకపోతే, ఏ పాట దగ్గర అరిగిందో అదైనా రాసి పెట్టండి.