ఏ సీమ రుచి మిన్న?

"పుఱ్ఱెకొక బుద్ధి, జిహ్వకొక రుచి" అని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెతను కాదనువారు లేరు. కాని పంక్తిలో కూర్చున్న పిమ్మట దానిని పాటించువారు అరుదు. తన నాలుకకు నచ్చినదే లోకమునకెల్ల నచ్చవలెననియు, తన యూరి వంటయే వంటయనియు వాదించుట మానవ స్వభావము. ఈ స్వభావము కేవలము వినోదముగా ముగిసిన చింతలేదు. అది కొన్ని సమయములందు మనసులను నొప్పించును. అందుచే దానిని గూర్చి కొంత విచారింపదలచితిని.

గడచిన ఉగాదినాటి సాయంకాలము చంద్రపూరులో మా యింట నలుగురము కూడియుంటిమి. మాటల నడుమ యువకులలో ఒక వివాదము బయలుదేరెను. రొట్టె నడుమ కూర నుంచి చేతబట్టి తినెడి పదార్థములలో, అనగా శాండ్‌విచ్ జాతికి చెందిన వానిలో, దేశమందు ఏ ప్రాంతమువారిది శ్రేష్ఠము? ముంబయిలో చదువుకొని వచ్చినవాడు వడాపావ్ అనెను. అతని చెల్లెలు, కొత్తిమీర చట్నీ పూసి, ఉడికిన బంగాళాదుంప, బీటురూటు, కీరా చక్రములు పేర్చి అదే నగరపు వీధులలో ఇచ్చు శాండ్‌విచ్ ముందు వడాపావ్ నిలువదనెను. అహమ్మదాబాదున ఉద్యోగము చేయు అల్లుడు కచ్ఛదేశపు దాబేలీ పక్షము వహించెను. కలకత్తా కాఠీరోలును తలచినవారును కలరు. అప్పుడు మా పెద్ద బావగారు నవ్వి, "మన ఉప్మా పెసరట్టు ముందు ఇవన్నీ ఏపాటివయ్యా!" అనిరి. అట్టులో ఉప్మా ఒదిగియున్నది గనుక అదియు ఆ జాతిలోనిదే యని వారి వాదము. అందఱును నవ్విరి. అంతలో నా కుమార్తె బిడ్డ, పదియేండ్లది, నా చేయి పట్టుకొని, "తాతా, వీటిలో మనది ఏది?" అని అడిగెను. ఆ ప్రశ్నకు నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని.

బావగారి మాట హాస్యమే యైనను అందు నిజము లేకపోలేదు. శాండ్‌విచ్ అను పేరు పదునెనిమిదవ శతాబ్దపు ఆంగ్ల ప్రభువు జాన్ మాంటేగు బిరుదమును బట్టి వచ్చినది. 1762లో గిబ్బన్ అను చరిత్రకారుడు తన దినచర్యలో ఈ తిండిని పేర్కొనెను. పేరు వారిది, పద్ధతి మాత్రము ఎవరి సొత్తును కాదు. జొన్నరొట్టెలో కారము నుంచి చుట్టి, చేని గట్టున కూర్చుండి తిన్న రైతునకు ఆ ప్రభువుతో పనియేమి?

ఇక మొదటి ప్రశ్న. రుచి విషయమున తర్కమే తగదని కొందఱందురు. అది పూర్తిగా సరికాదు. స్కాట్లండు తత్త్వవేత్త డేవిడ్ హ్యూము అభిరుచికి ప్రమాణము కలదా అని విచారించుచు 1757లో ఒక వ్యాసము ప్రకటించెను. అందు డాన్ క్విక్సోట్ నవలలోని ఒక కథను వాడుకొనెను. ఇరువురు బంధువులు ఒక పీపాలోని ద్రాక్షసారాయిని రుచి చూచిరి. ఒకడు మంచిదే గాని తోలు వాసన యున్నదనెను. రెండవవాడు మంచిదే గాని ఇనుము రుచి తగిలినదనెను. ఊరివారు ఇరువురిని చూచి నవ్విరి. పీపా ఖాళీ చేయగా అడుగున తోలుపట్టీ కట్టిన తాళపుచెవి యొకటి దొరకెను.

ఈ కథవలన తెలియునదేమి? రుచి కేవలము తినువాని ఊహ కాదు. తినెడి వస్తువునందును కొంత సత్యము కలదు. మరల మరల కాగిన నూనెలో వేచిన వడ, అది మన వీధి మొగలోనిదే యైనను, ఆ కమురు వాసనయే వేయును. నానిన పెసలను రుబ్బి వెంటనే పోసిన అట్టునకును, పిండి పులిసిన తరువాత పోసిన అట్టునకును గల భేదము నాలుక యున్నవారికెల్ల తెలియును. ఇట్టి తీర్పు చెప్పుటకు అభిమానము పనికిరాదు, పరిచయము కావలెను. ఒక్కమాఱును ఆకలితో తినని తిండిని గూర్చి తీర్పు చెప్పువాడు, పీపా మూత తీయకయే సారాయిని నిందించినవాడు.

అయితే ఈ కొలత ఒక వడాపావ్‌ను మరియొక వడాపావ్‌తో పోల్చుటకే చాలును. వడాపావ్‌ను పెసరట్టుతో పోల్చునప్పుడు, ఏది దేనికొఱకు పుట్టినదో ముందు విచారింపవలెను. 1966 ప్రాంతమున దాదరు రైలుస్టేషను వెలుపల అశోక్ వైద్య అను వర్తకుడు వడాపావ్ అమ్మకమును ఆరంభించెనని ప్రతీతి. పాళీ ముగించుకొని పరుగున రైలెక్కు గిరణీ కార్మికునకు అది తగిన తిండి: కంచము అక్కఱలేదు, కూర్చుండ పనిలేదు, వెల స్వల్పము. కచ్ఛదేశపు మాండవిలో పుట్టినదని చెప్పు దాబేలీ తీపి, పులుపు, కారము కలిపి, వేరుసెనగల కఱకఱను, దానిమ్మగింజల చల్లదనమును ఒక్క కాటులో చేర్చును. పెసరట్టన్ననో, పెనము మీదినుండి నేరుగా ఆకులోనికి రావలెను. అల్లపు పచ్చడి ప్రక్కన నుండవలెను. తినువాడు తీరికగా కూర్చుండవలెను. వడాపావ్‌ను విస్తరిలో వడ్డించి నిందించుట ఎంత అన్యాయమో, పెసరట్టును పొట్లము కట్టి రైలుపెట్టెలో నిలుచుండి తిని నిందించుటయు అంతే అన్యాయము. తాను తలపెట్టిన పనిని చక్కగా నెరవేర్చినది ఏదియైనను తన తావున మిన్నయే.

రెండవ ప్రశ్న ఇంతకంటె కఠినము. "మనది" ఏది? వడాపావ్ మరాఠీవారిదనియు, మిరపకాయ బజ్జి మనదనియు సులభముగా చెప్పుదుము. పావ్ అను మాట పోర్చుగీసువారిది. గోవాలో ఆ రొట్టె పిండిని కల్లుతో పొంగించెడివారు. అందలి బంగాళాదుంప అమెరికా ఖండమునుండి వచ్చినది. మంచిది, మన మిరపకాయ మాత్రము ఎక్కడిది? అదియు ఆ ఖండమునుండియే, పోర్చుగీసు ఓడల తోడనే వచ్చినది. జొన్న సైతము వేలయేండ్ల క్రిందట ఆఫ్రికానుండి వచ్చి మన పొలములలో కాపురమున్నది. ముంబయి గిరణీలలో మగ్గముల యొద్ద నిలిచినవారిలో తెలంగాణమునుండి వెళ్ళిన పద్మశాలీలు ఎందఱో కలరు. మన వారి ఆకలిని ఇన్నేండ్లు తీర్చిన తిండి మనకు పరాయిది ఎట్లగును?

దూరమేల? మన జిల్లానే చూతము. రాజురా తాలూకా పూర్వము హైదరాబాదు రాజ్యమున ఆదిలాబాదు జిల్లాలోనిది. 1956 రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణతో ఇటు మారి, 1959లో చంద్రపూరు జిల్లాలో చేరినది. పటములో గీత జరిగినంత మాత్రమున ఆ పల్లెలలో ఏ యిల్లాలును రొట్టె తట్టు విధానమును మార్చుకొనలేదు. మన యింట జొన్నరొట్టె, ప్రక్క యింట భాకరీ, చప్పుడొక్కటే.

మరియొక సంగతి చెప్పక తప్పదు. తెలుగునాట ఎన్నో యిండ్లలో ప్రీతితో వండుకొను హెచ్.ఎమ్.టి. సన్నబియ్యము వంగడమును 1980లలో ఎన్నిక చేసి స్థిరపఱచినవాడు మన జిల్లాలోని నాగభీడు తాలూకా నాందేడు గ్రామపు చిన్న రైతు దాదాజీ ఖోబ్రాగడే. చేతి గడియారము పేరిట ఆ వంగడము దేశమంతట వ్యాపించినది. ఆయన మాత్రము ధనికుడు కాలేదు, 2018లో మరణించెను. ఆ యన్నము తినుచు "మా తెలుగు భోజనము మిన్న" అని గర్వించు మనలో ఆయన పేరెఱిగినవారెందఱు? మనది అనుటకు ముందు, ఎవరి ఋణమో తెలిసికొనుట ధర్మము.

ఇంత విచారించుటకు నా స్వంత దోషమొకటి కారణము. ముప్పది యేండ్ల క్రిందట నా కుమార్తె, బడినుండి వచ్చి, అమ్మ పెసరట్టు కంటె బడి యొద్ద అమ్ము వడాపావ్ బాగుండునని సంతోషముతో చెప్పెను. "మన తిండినే మరచితివా?" అని నేను గద్దించితిని. అది రుచిని గూర్చిన మాట. నేను దానిని విశ్వాసమునకు పరీక్షగా చేసితిని. ఆమె మరల నా యెదుట తనకేది యిష్టమో చెప్పలేదు. అడిగినప్పుడెల్ల "పెసరట్టే, నాన్నా" అనెడిది. ఆ మాటలో నాకు కావలసిన తెలుగుతనము లేదు. భయము మాత్రమే యున్నది. పరభాషా ప్రాంతమున స్థిరపడిన మనము బిడ్డలకు భాషను నేర్పవలెను, వంటను నేర్పవలెను. అబద్ధమును మాత్రము నేర్పరాదు.

అభిమానము తప్పు కాదు. నాకు పెసరట్టే యిష్టము. ఏలయన, దానిని పొయ్యి ప్రక్కన కూర్చుండబెట్టి మా అమ్మ పెట్టినది. ఇది కృతజ్ఞత. కృతజ్ఞతను కృతజ్ఞతగానే చెప్పుకొనిన ఎవరికిని నొప్పి లేదు. దానిని తీర్పుగా మార్చి, "కావున మీది తక్కువ" అన్ననాడే అది గర్వమగును.

ఆ రాత్రి మనుమరాలిని పిలిచి, "అమ్మా, ఆకలితో తిని, చేసినవారిని మనసులో తలచుకొన్నది ఏదైనా మనదే. నాకు మాత్రం పెసరట్టు ఇష్టం" అంటిని. ఆ పిల్ల క్షణమాలోచించి, "అయితే నాకు వడాపావే ఎక్కువ ఇష్టం తాతా" అని నిర్భయముగా చెప్పెను. ప్రక్క గదిలో పక్కలు పఱచుచున్న నా కుమార్తె ఆ మాట విని, ఒక్క నిమిషము చేయి ఆపి, నా వంక చూచి నవ్వెను.