బదులు రోజు

పోయిన శ్రావణంలో మా పెద్దబావ మడి నాట్లు వేశాడు. ఆ నాట్లకి నేను ఒక రోజు బదులు వెళ్ళాలి. అంతకుముందు వేసవిలో మా అమ్మ ఇంటి పైకప్పు మార్చినప్పుడు బావ వచ్చి పొద్దుట నుంచి పొద్దుగూకేదాకా వాసాలు మోశాడు. ఆ రోజు నా మీద ఉంది. కానీ సరిగ్గా నాట్ల రోజునే మా బడికి తనిఖీ అన్నారు. సెలవు అడగడానికి మొహమాటపడ్డాను. నిజం చెప్పాలంటే మొహమాటం సగమే. బురదలో దిగి నడుము వంచాలంటే బద్ధకం సగం. తమ్ముడి చేతికి 500 రూపాయల నోటు ఇచ్చి బావకి ఇమ్మని పంపాను. మా వైపు కూలి అప్పుడు 300. రెండొందలు ఎక్కువే ఇస్తున్నాను కదా అని మనసులో చిన్న గర్వం కూడా ఉంది.

సాయంత్రం తమ్ముడు తిరిగొచ్చి ఒక అడ్డాకుల పొట్లం నా ముందు పెట్టాడు. విప్పితే అన్నం, ఎండుచేపల పులుసు. నాట్లు వేసినవాళ్ళకి పెట్టినదే. పొట్లం కట్టిన నారకి దోపి, మడతలు కూడా విప్పని నా 500 నోటు.

"బావ ఏటన్నాడురా?"

"ఏటీ అన్లేదు. మీ అన్న రోజు ఉందిలే, ఎక్కడికీ పోదు అన్నాడు."

ముందు నాకు కోపం వచ్చింది. నేనేం తప్పు చేశాను? ఆ డబ్బుతో ఒక మనిషిని పెట్టుకోవచ్చు, పని జరుగుతుంది. అన్నం మాత్రం తిన్నాను. తింటుంటే సిగ్గేసింది. పని చెయ్యకుండా పనివాళ్ళ అన్నం తిన్నది మా ఇంట్లో ఆ రోజు నేనొక్కడినే.

బదులు గురించి బయటివాళ్ళకి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. అది ఉచిత సేవ అనీ, గిరిజనులు అమాయకులు కాబట్టి లెక్కలు చూసుకోరనీ వ్యాసాల్లో కూడా రాస్తారు. అది తప్పు. బదులులో లెక్క చాలా గట్టిది. పుస్తకం ఉండదు, అంతే. మా అమ్మ అక్షరం రాయలేదు కానీ, ఎవరింటికి మనం ఎన్ని రోజులు ఉన్నామో, ఎవరు మనకి ఎన్ని రోజులు ఉన్నారో ఐదారేళ్ళ కిందటివి కూడా చెప్పగలదు. కాకపోతే ఆ లెక్కలో కొలమానం వేరు. రోజుకి రోజు, అంతే. బలమైనవాడు వేసిన నాటూ రోజే, మోకాళ్ళ నొప్పితో మధ్యమధ్యలో గట్టు మీద కూర్చున్న ముసలమ్మ వేసిన నాటూ రోజే.

ఇది నాకు మా ఏడో తరగతి పిల్ల గుర్తు చేసింది. ఒకసారి బోర్డు మీద లెక్క రాశాను. పది మంది ఒక పొలాన్ని ఆరు రోజుల్లో నాటితే పదిహేను మంది ఎన్ని రోజుల్లో నాటుతారు? జవాబు నాలుగు. ఆ పిల్ల లేచి, "సార్, ఆ పదిహేను మందిలో ముసిలోళ్ళు ఎంతమంది?" అంది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పిల్ల అడిగినది సరైన ప్రశ్న. పుస్తకంలో మనుషులందరూ ఒకేలా పని చేస్తారు కాబట్టి అందరిదీ ఒకే లెక్క. మా ఊళ్ళో ఎవరూ ఒకేలా పని చెయ్యరు, అది తెలిసే అందరిదీ ఒకే లెక్క అనుకున్నారు.

అంతమాత్రాన డబ్బు చెడ్డది, బదులు గొప్పది అని నేను అనను. ఆ మాట ఉద్యోగం ఉన్నవాడికి తేలిక. డబ్బు ఇవ్వని పని ఎంత కీడు చేసిందో మన్యానికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి జనాన్ని బలవంతంగా తోలి, చాలీచాలని కూలి ఇచ్చాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడిందంటే, దాని వెనక ఉన్న కోపాల్లో ఆ రోడ్డు పని ఒకటి. వెట్టిలోనూ డబ్బు లేదు, బదులులోనూ లేదు. పైకి చూస్తే రెండూ ఒకటే. వెట్టి చేయించుకున్నవాడు మాత్రం మన మడిలో ఎన్నడూ దిగలేదు.

ఇంత పాత సంగతి ఎందుకు? నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా హాస్టల్ పిల్లలం ఒక పెద్దమనిషి క్వార్టర్‌కి రోజూ నీళ్ళు మోశాం. దాన్ని ఆయన సేవ అనేవాడు. "మన ఇల్లే కదరా" అనేవాడు. ఆ ఇంట్లో మాకు ఒక్క పూట ఎవరూ అన్నం పెట్టలేదు. అందుకని నేను మా పిల్లలకి చెబుతాను. ఎవరైనా డబ్బు మాట ఎత్తకుండా సాయం, సేవ, మనోళ్ళు అంటే, ఆయన ఎప్పుడైనా తిరిగి మనకి వచ్చాడా అని ముందు చూసుకోండి.

బదులు లోపల కూడా ఒక కాఠిన్యం ఉంది. మా వీధిలో ఒక పిన్ని. చిన్నాన్న జ్వరంతో పోయేసరికి ఇద్దరు పిల్లలు, చిన్నవాడు చంకలో. మొదటి ఏడు ఊరంతా వెళ్ళి ఆమె మడి నాటింది. రెండో ఏడూ వెళ్ళారు. తిరిగి బదులు వెళ్ళడానికి ఆమెకి వీలు పడలేదు. పిల్లాడికి ఒంట్లో బాగుండేది కాదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా మూడో ఏడు ఆమే ఎవరినీ పిలవలేదు. సగం మడి బీడు పడింది. అడగకుండానే వెళ్ళవలసింది మేము. పిలవలేదు కదా అని ఊరుకున్నాం.

తర్వాత ఉపాధి హామీ పని వచ్చింది. చట్టం 2005లో చేశారు, పని మా ఊరు చేరేసరికి ఇంకొంత కాలం పట్టింది. మగవాళ్ళతో సమానంగా కూలి, అదీ ఆమె పేరున ఉన్న ఖాతాలోకి. కందకాలు తవ్విన డబ్బు దాచి, ఒక శ్రావణంలో నలుగురు కూలీలను పెట్టి మొత్తం మడి నాటించింది. సాయంత్రం గట్టు మీదే అందరికీ డబ్బులు లెక్కపెట్టి ఇచ్చింది. మా అమ్మతో అన్న మాట నేను విన్నాను. "వదినా, ఈ ఏడు ఎవరి మొకమూ చూడక్కర్లేకపోయింది."

ఇప్పుడు నా 500 నోటు సంగతి. పిన్ని ఇచ్చినదీ నోటే, నేను పంపినదీ నోటే. ఆమె ఇచ్చినది తల ఎత్తుకోవడానికి. నేను పంపినది ఎందుకు? మా బడిలో తోటి ఉపాధ్యాయుడితో ఈ మాట అన్నాను. ఆయన, "మాస్టారూ, మీ ఒక రోజు జీతం ఎంత, మీ బావ కూలి ఎంత? మీరు వెళ్ళి నాట్లు వేస్తే దండగ. డబ్బు పంపడమే న్యాయం" అన్నారు. లెక్క ప్రకారం ఆయన మాట కాదనలేను. కానీ నా రోజుకి అంత ధర ఎలా వచ్చింది? నేను హాస్టల్లో పదేళ్ళు ఉన్నాను. ఆ పదేళ్ళూ మా ఇంటి నుంచి బదులు వెళ్ళవలసిన ఒక మనిషి తగ్గాడు. ఆ రోజులు ఎవరు ఉన్నారు? మా నాన్న రెండు రోజులు చేశాడు, అక్క చేసింది, అక్కని చేసుకున్నాక బావ చేశాడు. నేను పరీక్షలు రాసి తెచ్చుకున్న ఉద్యోగమే, ఎవరి దయా కాదు. అయినా ఆ పరీక్ష రాయడానికి దొరికిన రోజులు మాత్రం నావి కావు.

విశాఖలో ఉద్యోగాలు చేస్తున్న మన కుర్రాళ్ళు పండక్కి ఫోన్‌పేలో డబ్బు వేస్తారు, మంచిదే. సెలవు దొరకదు, బస్సు ఛార్జీలు ఎక్కువ, నాకు తెలుసు. రాలేనప్పుడు పంపడం ఒకటి, రాకుండా ఉండడానికి పంపడం ఇంకొకటి. పంపినవాడికి తప్ప ఆ తేడా ఎవరికీ తెలియదు అనుకుంటాం. మా బావకి తెలిసిపోయింది.

కోతలకి సెలవు పెట్టి వెళ్ళాను. మధ్యాహ్నానికే అరచేతుల్లో బొబ్బలు. మా మేనకోడలు కోసినదాంట్లో సగం కూడా కోయలేకపోయాను. "మాస్టారు పలక మీద కోస్తన్నారు" అని ఆడవాళ్ళు ఒకటే నవ్వు. సాయంత్రం బావని అడిగాను. "నాది అర రోజు కింద రాసుకో బావా."

"అర రోజు ఏటిరా? పొద్దుట వచ్చినావు, సాయంత్రం దాకా ఉన్నావు. రోజే."

అమ్మయ్య, తీరింది అనుకున్నాను. మాఘంలో మా అమ్మ పసుపు వండుతుంటే, చెప్పకుండానే బావ గొడ్డలి భుజాన వేసుకుని కట్టెలు కొట్టడానికి వచ్చి కూర్చున్నాడు.